గాజువాకలో ఇల్లు చూసుకోవడం ఎలా? ధర అడిగే ముందు ఊరు అడగండి

టులెట్ బోర్డు చూసి గేటు తీస్తే విశాఖపట్నం గాజువాకలో మీకు మొదట ఎదురయ్యే ప్రశ్న ‘ఏ ఊరు మీది?’ అడిగే ఆవిడదీ ఈ ఊరు కాదు. ఆమె అత్తవారు ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి వచ్చి ఉంటారు. పక్క వాటాలో వాళ్లు పార్వతీపురం వైపు వాళ్లు. మేడ మీది గదిలో ఉన్న కుర్రాళ్లు ఒడిశాలోని గంజాం నుంచి దిగినవాళ్లు. అందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్లే కాబట్టి ఇక్కడ ఊరు అడగడం పలకరింపుతో సమానం.

నేను పలాస దగ్గరి నుంచి వచ్చి ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని మొదలుపెట్టాను. నాలుగు అద్దె ఇళ్లు మారాను, చివరికి ఒకటి కొనుక్కున్నాను. ఇన్నేళ్లలో నాకు రూఢి అయిన విషయం ఒకటుంది. గాజువాకలో ఇంటి ధర, అద్దె, నీళ్లు, ఆఖరికి దస్తావేజులో ఉండే చిక్కు కూడా ఆ వీధికి జనం ఎప్పుడు, ఏ పని కోసం వచ్చారన్న దాన్ని బట్టే ఉంటాయి. అది తెలుసుకోకుండా ధర మాట్లాడితే బ్రోకరు చెప్పిందే ధర అవుతుంది. కొత్తగా పనికి వచ్చేవారు, అద్దె ఇళ్లతో విసిగి కొనాలనుకునేవారు మోసపోకూడదనే ఇది రాస్తున్నాను.

మొదటి పని: వీధి ఎప్పుడు పుట్టిందో కనుక్కోండి

ఈ పక్క జనం రావడం ఉక్కు కర్మాగారంతో మొదలు కాలేదు. 1941లో సింధియా కంపెనీ ఓడల నిర్మాణ కేంద్రానికి పునాది వేసింది. ఆ పేరే సింధియా జంక్షనుకు ఉండిపోయింది. 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, ఇప్పుడది హెచ్‌పీసీఎల్. 1966లో భారీ యంత్ర పరికరాలు చేసే బీహెచ్‌పీవీ, 1977లో జింకు కర్మాగారం. మల్కాపురం, శ్రీహరిపురం, మింది, నాతయ్యపాలెం వైపు పాత ఇళ్లు చాలావరకు ఈ కంపెనీల కార్మికులు జీతం నుంచి మిగిల్చి కట్టుకున్నవే. చిన్న స్థలాలు, ఇరుకు సందులు, గోడకు గోడ ఆనుకున్న డాబాలు. అద్దె అందుబాటులో ఉంటుంది, గాలి తక్కువ. బండి పెట్టుకునే చోటు చూసుకుని మరీ ఒప్పుకోండి.

రెండో పొర ఉక్కుది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో పీవీ నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మధ్యలోని ఆ ఇరవై ఏళ్లలోనే గాజువాక రూపం మారిపోయింది. వేల ఎకరాల పొలాలు, ఊళ్లకు ఊళ్లు కర్మాగారం కిందకు పోయాయి. భూమి పోయినవారికి వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ వైపు నిర్వాసిత కాలనీలు ఇచ్చారు. వలస వచ్చినవారి ఊరు అని గాజువాకను అందరూ అంటారు గానీ, ఉన్న ఊరి నుంచి నాలుగు కిలోమీటర్ల అవతలికి వెళ్లి కొత్తవాళ్లలా బతికిన ఈ కుటుంబాల గురించి ఎవరూ అనరు. ఆ కాలనీల్లో అద్దెకు దిగితే ఆ పెద్దలతో కాసేపు కూర్చోండి. మీరు నడుస్తున్న రోడ్డు కింద ఎవరి వరి చేను ఉండేదో చెబుతారు.

అదే సమయంలో కట్టుబడి పనులకు శ్రీకాకుళం, విజయనగరం, తూర్పుగోదావరి జిల్లాల కూలీలు, ఒడిశా, బెంగాల్, బీహారు, కేరళ నుంచి నిపుణులు దిగారు. పర్మనెంటు ఉద్యోగులకు ఉక్కునగరంలో క్వార్టర్లు దొరికాయి. రిటైరయ్యాక ఉండటానికి వాళ్లు కూర్మన్నపాలెం, షీలానగర్, దువ్వాడ వైపు స్థలాలు కొనుక్కున్నారు. ఆ వీధులు వెడల్పు, ఇళ్ల ముందు మామిడి చెట్టో కొబ్బరి చెట్టో ఉంటుంది. ఇంటి యజమానికి డెబ్బై ఏళ్లుంటాయి, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. పై వాటా శుభ్రంగా ఉంటుంది. ఇలాంటి యజమానికి అద్దె కంటే ఇంట్లో మనిషి అలికిడి ముఖ్యం. కుటుంబంతో వచ్చేవారు ఈ వీధుల్లోనే ముందు వెతకాలని నా సలహా. వెయ్యి రూపాయలు తగ్గించి ఇచ్చినవాళ్లను నేను చూశాను.

మూడో పొర ఇప్పటిది. దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలి, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం కంపెనీలు, గంగవరం ఓడరేవు. వీటికి వచ్చే కుర్రాళ్లు మూడు నాలుగేళ్లు ఉండి వెళ్లేవాళ్లు. వాళ్ల కోసం ఒక్కో గదిగా విడగొట్టిన మేడలు, హాస్టళ్లు, మెస్సులు లేచాయి. ఇక్కడ అద్దె ఇంటికి కాదు, తలకి లెక్క.

ఇవన్నీ కనుక్కోవడానికి పుస్తకాలు అక్కర్లేదు. సందు మొదట్లోని కిరాణా కొట్టు దగ్గర నిలబడి మూడు సంగతులు అడగండి: ఈ వీధిలో మొదటి ఇల్లు ఎవరిది, ఎక్కువమంది ఏ కంపెనీలో పని చేస్తారు, ఇళ్లు ఖాళీ అయితే ఎన్నాళ్లకు నిండుతాయి. మూడో దానికి వచ్చే జవాబే అద్దె బేరానికి మీ చేతిలో ఉండే బలం. ‘వారంలో నిండుతాయి’ అంటే బేరం కష్టం. ‘ఆ మేడ సంక్రాంతి నుంచి ఖాళీయే’ అంటే ధైర్యంగా అడగండి.

జనాభా లెక్కలు చెప్పి ధర పెంచేవారుంటారు. వాటిని ఎంతవరకు నమ్మాలో చూసుకోండి. 2001లో గాజువాక వేరే మున్సిపాలిటీ, జనం రెండున్నర లక్షల పైచిలుకు. 2005లో అది మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. 2011లో నగరం మొత్తానికి 17.28 లక్షలు. ఆ తర్వాతి జనగణనకు ప్రకటించిన గణన తేదీ 2027 మార్చి 1. అంటే అందరూ చెప్పే అంకెలు ఫార్మా సిటీ కుర్రాళ్లలో సగం మంది బడిలో ఉన్నప్పటివి. మీ కళ్లతో మీరు లెక్క వేసుకోవడం మేలు. దువ్వాడ స్టేషనులో ఉదయం ఒక గంట కూర్చోండి. కొన్ని దూరప్రాంత రైళ్లు విశాఖ స్టేషనుకు వెళ్లకుండా దువ్వాడలోనే ఆగి వెళ్తాయి. తూర్పు నుంచి వచ్చినవి ఖాళీ అయినప్పుడు ఎన్ని సంచులు, ఎన్ని పరుపు చుట్టలు దిగుతాయో చూస్తే ఆ నెలలో గదుల గిరాకీ ఎలా ఉండబోతుందో తెలిసిపోతుంది.

రెండో పని: గేటు నుంచి వెనక్కి రండి

చాలామంది ఇల్లు నచ్చాక పనికి ఎంత దూరమో చూస్తారు. గాజువాకలో దీన్ని తిరగేయాలి. మీరు పని చేసే గేటు దగ్గర నిలబడి, అక్కడి నుంచి వెనక్కి ఇల్లు వెతకండి. కారణం షిఫ్టు. ఉక్కు కర్మాగారంలో ఎ షిఫ్టు ఉదయం 6 గంటలకు, బి షిఫ్టు మధ్యాహ్నం 2కి, సి షిఫ్టు రాత్రి 10కి. ఉదయం అయిదుంబావుకి కూర్మన్నపాలెం జంక్షనులో నిలబడితే మీకే అర్థమవుతుంది. వరుసగా బళ్లు, హ్యాండిలుకు తగిలించిన క్యారేజీలు, చెవులకు మఫ్లరు, వెనక కూర్చున్నవాడు సగం నిద్రలో ముందువాడి భుజం మీద వాలి ఉంటాడు. టీ కొట్టువాడు డబ్బులు అడగడు, ఖాతా రాసుకుంటాడు. ఆ గుంపులో మీరూ ఉండబోతున్నారంటే పావుగంట దూరం తగ్గించుకోవడం కోసం నెలకు అయిదు వందలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

పరవాడ, అచ్యుతాపురం వెళ్లేవారు కంపెనీ బస్సు ఏ జంక్షనులో ఆగుతుందో ముందే అడగండి. జాతీయ రహదారికి ఏ వైపున ఇల్లు ఉందన్నది ముఖ్యం. రాత్రి షిఫ్టు దిగి ఆ రోడ్డు అడ్డంగా దాటడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. బస్సు దిగే వైపే ఇల్లు చూసుకోండి. ఈ మాట మా కొట్లో చేరే ప్రతి కుర్రాడికీ చెబుతాను, మీకూ చెబుతున్నాను.

మూడో పని: నెల చూసుకోండి

ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్య మాసాలు. పాలు పొంగించరు, సామాను కదపరు. ఆ నెలల్లో ఇల్లు ఖాళీ అయితే యజమానికి నెల అద్దె పోయినట్టే. మీరు ఆషాఢంలో వెళ్లి ఇల్లు చూసి, అడ్వాన్సులో కొంత చేతిలో పెట్టి, ‘శ్రావణం మొదటి మంచి రోజున దిగుతాం’ అనండి. అద్దె తగ్గే అవకాశం ఏడాదంతటిలో అప్పుడే ఎక్కువ. పిల్లల బడి కోసం అందరూ మే నెలలో పరుగెడతారు, అప్పుడు మీ మాట ఎవరూ వినరు. పట్టింపు లేనివారికి, వేరే మతం వారికి శూన్య మాసం ఇంకా కలిసొస్తుంది.

నాలుగో పని: ఇల్లు చూడటానికి రెండుసార్లు వెళ్లండి

ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఇంకోసారి రాత్రి. మధ్యాహ్నం వెళ్లినప్పుడు జేబులో తెల్ల చేతిరుమాలు పెట్టుకోండి. కిటికీ చువ్వల కింద గట్టు మీద ఒక్కసారి తుడవండి. మామూలు దుమ్మయితే మట్టి రంగులో ఉంటుంది. ఇక్కడ చాలా చోట్ల నల్లగా, వేలికి జిడ్డులా అంటుకుంటుంది, వెలుతురులో పెడితే సన్నగా మెరుస్తుంది. ఓడరేవు బొగ్గు, కర్మాగారాల పొడి. ఇల్లు తుడిచి రంగు వేసి చూపిస్తారు గానీ కిటికీ గట్టు ఎవరూ తుడవరు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు ఉంటే ఆ రుమాలు చెప్పిన మాటే వినండి. మా రెండో ఇంట్లో ఆరేసిన తెల్ల చొక్కాలు సాయంత్రానికి బూడిద రంగు తిరిగేవి. మా అమ్మాయికి దగ్గు తగ్గింది ఇల్లు మారాకే.

నీళ్లు అడగండి. కొళాయి ఎన్ని గంటలకు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, పై అంతస్తుకు ఎక్కుతుందా, బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయా. పరిశ్రమల పక్కన ఉన్న వీధుల్లో బోరు నీళ్లు తాగవద్దు, వంటకూ వద్దు. యజమానిని అడిగితే ‘బాగుంటాయి’ అంటారు. పక్క వాటా ఆవిడను అడిగితే బిందె తెచ్చి చూపిస్తుంది.

తర్వాత పైకప్పు. యజమానిని ఒక ప్రశ్న అడగండి: ‘హుద్‌హుద్ అప్పుడు ఏమైంది ఇక్కడ?’ 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం ఆ తుఫాను విశాఖ మీదుగా తీరం దాటింది. ఏ రేకులు ఎగిరాయి, ఏ సందులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి, ఎన్ని రోజులు కరెంటు లేదు, అందరికీ తారీఖులతో సహా గుర్తుంది. ఇల్లు అంతకుముందు కట్టిందయితే అది ఆ పరీక్ష రాసిన ఇల్లు. తర్వాత కట్టిందయితే పక్కింటివారిని వీధి గురించి అడగండి. రేకుల గది అద్దె తక్కువని ఎండాకాలం గురించి ఆలోచించకుండా దిగవద్దు. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవారికి రేకుల కింద మే నెల నరకం.

కరెంటు మీటరు మీ వాటాకు విడిగా ఉందా లేదా చూడండి. చార్జీలు శ్లాబుల ప్రకారం పెరుగుతాయి. నాలుగు వాటాలకు కలిపి ఒకటే మీటరు ఉంటే అందరి యూనిట్లూ కలిసి పై శ్లాబులోకి వెళ్తాయి. మీరు ఒక ఫ్యాను, రెండు లైట్లు వేసుకున్నా ఏసీ ఉన్నవారి రేటే మీకు పడుతుంది. సబ్ మీటరు అయితే యూనిటుకు ఎంత అన్నది మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి.

రాత్రి వెళ్లినప్పుడు చూడాల్సింది తక్కువే. వీధి దీపాలు, కుక్కలు, ఆడపిల్లలు ట్యూషను నుంచి నడిచి వస్తున్నారా లేదా.

ఇక పరిశ్రమల సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఊపిరి తీసింది. నిద్రలో ఉన్నవారు లేచి ఎటు పరుగెత్తాలో తెలియక పడిపోయారు. ఇంటికి దగ్గరలో ఏ కర్మాగారం ఉంది, ట్యాంకులు ఎటు వైపు ఉన్నాయి, గాలి మీ ఇంటి వైపు వీస్తుందా, సందుకు రెండో దారి ఉందా అన్నవి పెద్దవాళ్లతో కూర్చుని తెలుసుకోండి. ఒకే దారి ఉన్న సందులో ఇల్లు ఎంత చవకైనా నేను తీసుకోను.

అయిదో పని: మాట కాగితం మీద పెట్టండి

రెండు మూడు నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు. పదకొండు నెలల ఒప్పందం రాస్తారు. ఏడాది దాటిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోని పాత నియమం ప్రకారం రిజిస్టరు చేయించాల్సి ఉండేది కాబట్టి ఆ పద్ధతి వచ్చింది. స్టాంపు పేపరు మీద రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించండి. అందులో మూడు సంగతులు తప్పకుండా ఉండాలి: అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, రంగు ఖర్చు ఎవరిది, ఏడాదికి అద్దె ఎంత పెరుగుతుంది. నా మూడో ఇంటి యజమాని ఖాళీ చేసేటప్పుడు గోడకు మేకులు కొట్టారని రెండు నెలల అడ్వాన్సు మొత్తం ఉంచేసుకున్నాడు. మేకులు మూడు, అవీ దేవుడి పటాలకు. కాగితం లేదు, నేను గొడవ పడలేకపోయాను. ఆ నెల మా ఇంట్లో ఫీజుకు అప్పు చేశాం. మీకు అలా జరగకూడదు. దిగే రోజున గదులన్నీ ఫోనులో వీడియో తీసి యజమానికే పంపండి.

అద్దె ఒప్పందం చేతిలో ఉంటే గ్యాసు కనెక్షనుకు, ఆధార్ చిరునామాకు కూడా పనికొస్తుంది. ఊరి నుంచి రేషన్ కార్డు మార్చుకోనక్కర్లేదు. ఒకే దేశం ఒకే రేషన్ పథకం కింద ఒడిశా కార్డు ఉన్నవారు కూడా ఇక్కడి దుకాణంలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక కొట్లో బియ్యం కొనుక్కునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మీ వీధిలో ఉంటే చెప్పండి.

‘ఏ ఊరు’ తర్వాత రెండో ప్రశ్న కులం గురించి వస్తుంది. మూడోది మాంసం వండుతారా అని. పెళ్లి కానివారికి, ముస్లింలకు, హిందీ మాట్లాడేవారికి గేటు దగ్గరే ‘నిన్ననే ఇచ్చేశాం’ అనే జవాబు వస్తుంది, బోర్డు మాత్రం వేలాడుతూనే ఉంటుంది. ఇది చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అలాంటి ఇంట్లో దిగాలని అబద్ధం చెప్పవద్దు, ఆరు నెలల్లో బయటపడి మళ్లీ సామాను సర్దుకోవాలి. నిర్వాసిత కాలనీల్లో, పాత కార్మికుల వీధుల్లో ఈ పట్టింపు తక్కువని నా అనుభవం. అక్కడ వెతకండి.

ఆరో పని: కొనేవారు కాగితాల పుట్టుక చూడండి

అద్దెకయితే మనిషిని చూస్తే చాలు, కొనడానికి భూమి చరిత్ర చూడాలి. గాజువాక భూముల్లో ప్రభుత్వం సేకరించినవి, నిర్వాసితులకు ఇచ్చినవి, పేదలకు డి-పట్టాగా ఇచ్చినవి, కొండవాలు పోరంబోకులో వేసుకున్నవి అన్నీ పక్కపక్కనే ఉంటాయి. చూడటానికి అన్నీ ఒకేలాంటి డాబాలే. కాగితంలోనే తేడా.

మొదట సర్వే నంబరు తీసుకోండి. ఇంటి నంబరు చాలదు. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద ఉన్న నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టికలో) ఉందా అన్నది రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడవచ్చు. ఉంటే అక్కడితో ఆగిపోండి. ‘మనవాళ్లు ఉన్నారు, తీయించేద్దాం’ అన్న మాటకు ఒక్క రూపాయి ఇవ్వవద్దు. నేను మొదట చూసిన ఇల్లు ఇలాంటిదే. బయానా ఇవ్వడానికి డబ్బు సంచిలో పెట్టుకుని వెళ్లాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజులు రాసే ఒక పెద్దాయన సర్వే నంబరు చూసి, ‘తమ్ముడూ, జాబితా చూశావా?’ అని ఒక్క మాట అడిగారు. ఆ మాట నా పన్నెండేళ్ల కష్టాన్ని కాపాడింది.

తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం. ఆన్‌లైనులో 1983 నుంచే దొరుకుతుంది. ఇక్కడి భూముల పెద్ద మార్పులన్నీ డెబ్బైలలో జరిగాయి కాబట్టి ఆన్‌లైను ఈసీ శుభ్రంగా ఉందని సంబరపడవద్దు. అంతకుముందు కాలానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత పుస్తకాల నుంచి తీయించండి. లింకు డాక్యుమెంట్లు ఒకదాని తర్వాత ఒకటి మొదటి యజమాని వరకు తెగకుండా ఉండాలి. మధ్యలో ఎక్కడ నోటరీ కాగితమో, జీపీఏ (వేరేవారి తరఫున వ్యవహరించే అధికార పత్రం) మాత్రమే ఉందో అక్కడ వకీలుకు చూపించండి. వకీలును మీరే పెట్టుకోండి, అమ్మేవారు చూపించిన వకీలు వద్దు.

నిర్వాసిత కాలనీలో స్థలం అయితే, దాన్ని మొదట ఎవరి పేరున, ఏ షరతులతో ఇచ్చారో ఆ కాగితం అడగండి. ఆర్ కార్డు చూపించి ఇదే హక్కు అని చెప్పేవారుంటారు. ఆ కార్డు పునరావాసానికి, ఉద్యోగానికి సంబంధించిన గుర్తింపు. స్థలానికి దస్తావేజు కాదు. డి-పట్టా స్థలాల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఇటీవల సవరణలతో కొన్నిటికి షరతుల మీద సడలింపు వచ్చింది గానీ, మీరు చూస్తున్న స్థలానికి అది వర్తిస్తుందని తహసీల్దారు కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలిసే వరకు నమ్మవద్దు. గోపాలపట్నం, వేపగుంట వైపు వెళ్లేవారు సింహాచలం దేవస్థానం పంచగ్రామాల సమస్య, అంటే అయిదు ఊళ్ల భూముల మీద దేవస్థానానికీ అక్కడ ఉండేవారికీ ఉన్న హక్కుల వివాదం ఉందని గుర్తుపెట్టుకోండి. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి పేర్లు దస్తావేజులో కనిపిస్తే రెండు రెట్లు జాగ్రత్త పడండి.

ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించి ‘ఇరవై ఏళ్లుగా కడుతున్నాం’ అంటారు. అవి ఉన్నంత మాత్రాన భూమి మీద హక్కు రాదు. ఇంకో సంగతి: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. గాజువాక, పెదగంట్యాడ విశాఖలోనే ఉన్నాయి. సైటు ఏ జిల్లాదో ముందే చూసుకుంటే ఆఫీసుల చుట్టూ తిరుగుడు తగ్గుతుంది.

ఫ్లాటు కొనేవారు హాలు ఎంత వెడల్పని కాక, భూమిలో వాటా ఎన్ని గజాలని అడగండి. నాలుగు వందల గజాల్లో పది ఫ్లాట్లు వేస్తే ఒక్కొక్కరికి నలభై గజాలు. ముప్పై ఏళ్ల తర్వాత మీ పిల్లలకు మిగిలేది ఆ నలభై గజాలే. 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్ల పరిమితి దాటిన ప్రాజెక్టు అయితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. నగరపాలక సంస్థ ఆమోదించిన ప్లానులో ఎన్ని అంతస్తులు ఉన్నాయో, కట్టినవి ఎన్నో మెట్లెక్కి లెక్కపెట్టండి.

ఏడో పని: ధర లెక్క మీరే వేసుకోండి

ఇక్కడ ధర వార్తల మీద కదులుతుంది. కూర్మన్నపాలెం నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్ల మెట్రో ప్రతిపాదన ఉందని చెప్పి గజానికి వేలు కలిపేస్తారు. రైలు వచ్చాక ధర గురించి మాట్లాడదామని చెప్పండి. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం వచ్చినప్పుడు ఇదే వీధుల్లో దిగులు చూశాను. కాంట్రాక్టు కార్మికులకు పని పోతే మొదట ఖాళీ అయ్యేవి రేకుల గదులు, తర్వాత మెస్సులు, ఆ తర్వాత కిరాణా కొట్లు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించగానే బ్రోకర్ల గొంతు మళ్లీ పెరిగింది. కొనేవారు ఈ రెండు గొంతులనూ పక్కన పెట్టి కాగితం, పెన్ను తీసుకోవాలి.

ఉదాహరణకు 50 లక్షల ఫ్లాటు. అలాంటిదే అదే మేడలో నెలకు 12 వేలకు అద్దెకు దొరుకుతుందనుకోండి. ఏడాదికి 1,44,000, అంటే పెట్టిన డబ్బు మీద మూడు శాతం కూడా రావడం లేదు. మీరు పది లక్షలు పెట్టి 40 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు 34,700. అద్దెకు దాదాపు మూడు రెట్లు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 3,75,000. మీ ఉద్యోగం కాంట్రాక్టుదయితే, కంపెనీ అయిదేళ్లు ఉంటుందో లేదో తెలియకపోతే, అద్దె ఇంట్లోనే ఉండండి. సిగ్గుపడాల్సిన పని లేదు. ఊళ్లో బంధువులు ‘ఇంకా అద్దె ఇల్లేనా’ అంటారని అప్పులో దిగినవాళ్లు రాత్రిపూట ఆటో నడుపుతూ నాకు కనిపిస్తుంటారు. పిల్లల చదువు ఇక్కడే, పనీ ఇక్కడే, వాయిదా జీతంలో మూడో వంతు దాటదు అనుకుంటే అప్పుడు కొనండి. ఫ్లాటు కంటే చిన్న స్థలంలో పాత డాబా నాకు మేలనిపించింది. నేను అదే కొన్నాను.

మీరు అద్దెకు ఇచ్చేవారైతే

మా మేడ మీద గదిలో ఇప్పుడు గంజాం నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు ఉన్నారు. వీధిలో అందరూ తలకి ఇంత చొప్పున తీసుకోమన్నారు. నేను గదికి తీసుకుంటున్నాను. నేను వచ్చిన కొత్తలో ఒక గదిలో అయిదుగురం ఉండేవాళ్లం, తలకి లెక్క కట్టిన యజమాని మా అన్నయ్య నాలుగు రోజులు చూడటానికి వస్తే దానికీ డబ్బు అడిగాడు.

వాళ్లకు ఇచ్చేటప్పుడు ఆధార్ నకళ్లు తీసుకోండి, ఇంటి దగ్గర పెద్దవారి ఫోను నంబరు రాసుకోండి. ఒప్పందం తెలుగులో రాస్తే హిందీలో చదివి వినిపించండి, మీకు రాకపోతే మెస్సు నడిపే ఆయన చదువుతారు. పనిలో ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలో మెట్ల దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి: మీ నంబరు, దగ్గరి ఆసుపత్రి, వాళ్ల మేస్త్రి నంబరు. తాళం చెవి చేతిలో పెట్టే రోజునే మీటరు రీడింగు ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. మొదటి నెల కొళాయి నీళ్లు వచ్చే వేళ వాళ్లకు తెలియదు, పైకి వెళ్లి తలుపు తట్టి చెప్పండి.